బీలని బంజరు అన్న కాగితం.. దాన్ని చదివిన సోంపేట

2010 జూలై 14. ఒకే ప్రాజెక్టు గురించి ఒకే రోజు రెండు చోట్ల రెండు ఘటనలు జరిగాయి.

మొదటిది శ్రీకాకుళం జిల్లా సోంపేటలో. థర్మల్ విద్యుత్ కేంద్రం పనులు మొదలుపెట్టడానికి కంపెనీ మనుషులు పోలీసు బందోబస్తుతో బీల దగ్గరికి వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు, మత్స్యకారులు అడ్డం నిలబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు.

రెండోది ఢిల్లీలో. పర్యావరణ అనుమతులపై అప్పీళ్లు వినే నేషనల్ ఎన్విరాన్‌మెంట్ అప్పిలేట్ అథారిటీ, సరిగ్గా అదే ప్రాజెక్టుకి కేంద్రం ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది.

ఇప్పట్లా అందరి చేతిలో స్మార్ట్‌ఫోన్, వాట్సాప్ గ్రూపు ఉన్న రోజులు కావవి. ఉన్నా ఏం మారేదో చెప్పలేం. కానీ ఆ తేదీ తలుచుకున్నప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. ఢిల్లీలో ఆ రోజు తేలిన నిజం, అంటే అది బంజరు కాదు, చిత్తడి నేల అన్న నిజం, సోంపేటలో చిన్న పిల్లాడిని అడిగినా చెప్పేవాడు. మరి అది తేలడానికి అప్పీలు, తీర్పు, రెండు ప్రాణాలు ఎందుకు కావాల్సొచ్చాయి?

కంపెనీల నైతికత, జవాబుదారీతనం అనగానే మనకి కార్పొరేట్ ఆఫీసులో పవర్‌పాయింట్ స్లైడ్లు గుర్తొస్తాయి. ఆ మాటలకి అసలు అర్థం తెలియాలంటే స్లైడ్లు పక్కన పెట్టి సోంపేట వెళ్లాలి.

బీల అంటే ఏంటి?

ఉద్దానం అంటే చాలామందికి కొబ్బరి, జీడి, పనస తోటలు గుర్తొస్తాయి. ఈమధ్య కాలంలో కిడ్నీ జబ్బులు కూడా గుర్తొస్తున్నాయి. ఆ తోటలకీ సముద్రానికీ మధ్య సోంపేట, కవిటి వైపు పల్లపు నేలలు ఉంటాయి. వాన నీళ్లు అక్కడికి చేరి నిలుస్తాయి. వాటినే మనవాళ్లు బీల అంటారు. టెక్కలి, సంతబొమ్మాళి వైపు వెళ్తే ఇలాంటి నేలలకే తంపర అని పేరు.

బీలలో నీళ్లు ఉన్నన్నాళ్లు చేపలు పడతారు. ఆ నీళ్లే చుట్టుపక్కల పొలాలకి పారతాయి. పశువులకి మేత కూడా అక్కడే. వలస పక్షులు వస్తాయి. పెద్ద వాన పడితే నీటిని తనలో దాచుకుని ఊళ్లు మునగకుండా చూస్తుంది. ఎండాకాలంలో బావుల్లో నీటిమట్టం పడిపోకుండా కాపాడుతుంది. ఇంత పని చేసే నేల రెవెన్యూ రికార్డులో ప్రభుత్వ భూమి. ఎవరి పేరు మీదా పట్టా ఉండదు. పట్టా లేని నేల ఎవరికీ పనికిరాని నేల అనుకోవడం ఆఫీసు కాగితాలకి బాగా అలవాటు.

అలాంటి నేల దాదాపు 970 ఎకరాలను 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించింది. ప్రతిపాదన 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం. అంత పెద్ద ప్లాంటు పూర్తిగా నడిస్తే ఏటా కోటి టన్నుల స్థాయిలో బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గయితే అందులో సుమారు మూడో వంతు బూడిదే. ఆ బూడిద పోయడానికి చెరువులు కావాలి. ప్లాంటును చల్లబరిచిన నీళ్లు వేడిగా బయటికి వస్తాయి, వాటినీ ఎక్కడో వదలాలి. ఒక పక్క బీల, ఇంకో పక్క సముద్రం. రెండిటి మీదా బతికే ఊళ్లు మధ్యలో.

కాగితాల్లో మాత్రం అది బంజరు, ఉపయోగం లేని భూమి. 2009 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చేసింది.

రిపోర్టు రాసేదెవరు? డబ్బులిచ్చేదెవరు?

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పుకోవాలి. కాస్త బోర్ కొట్టినా కథంతా దీని మీదే నడుస్తుంది.

2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి పెద్ద ప్రాజెక్టు ఏదైనా ముందుగా పర్యావరణ ప్రభావ అంచనా చేయించాలి. దీన్నే ఈఐఏ రిపోర్టు అంటారు. నేల ఎలాంటిది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ మొక్కలు, ఏ పక్షులు, ఎంతమంది జనం, ప్లాంటు వస్తే ఏమవుతుంది.. అన్నీ అందులో ఉండాలి. అనుమతి ఇవ్వాలా వద్దా అని ఢిల్లీలో కూర్చుని తేల్చే నిపుణుల కమిటీకి ఆ రిపోర్టే కళ్లు, చెవులు.

ఆ రిపోర్టు తయారు చేసే కన్సల్టెంట్‌ని ఎంచుకునేది ప్రాజెక్టు పెట్టే కంపెనీ. ఫీజు ఇచ్చేదీ ఆ కంపెనీయే.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. కోడ్ రాసినవాడినే టెస్టింగ్ కూడా చేసి, సర్టిఫికెట్ కూడా రాసుకోమంటే ఎలా ఉంటుంది? వాడు దొంగ అని కాదు. రిలీజ్ డేట్ తరుముకొస్తుంటే మనిషి కంటికి బగ్ కనిపించదు, అంతే. అందుకే మన టీముల్లో కోడ్ రివ్యూకి వేరే మనిషి ఉంటాడు. ఈఐఏలో ఆ వేరే మనిషి ఎవరు? చట్టం ప్రకారం ఆ పాత్రకి దగ్గరగా వచ్చేది ఊరి జనం. దాని కోసమే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు.

ఆ రివ్యూని సోంపేట నిజంగానే చేసింది.

డాక్టరు గారు, మాజీ విద్యుత్ కార్యదర్శి

సోంపేటలో వైద్యం చేసే డాక్టర్ వై. కృష్ణమూర్తి, స్థానికులు కలిసి పర్యావరణ పరిరక్షణ సంఘం పేరుతో పనిచేశారు. పెద్ద ఫౌండేషన్ కాదు, విదేశీ నిధులు లేవు. రైతులు, మత్స్యకారులు, ఊరి చదువుకున్నవాళ్లు కూర్చుని కంపెనీ రాసిన దాన్ని తమ కళ్ల ముందున్న నేలతో పోల్చి చూశారు. కాగితంలో బంజరు అని ఉంది, బయట నీళ్లున్నాయి. కాగితంలో ఉపయోగం లేదని ఉంది, బయట వల వేసినవాడు ఉన్నాడు.

విశాఖ నుంచి ఈఏఎస్ శర్మ గారు తోడొచ్చారు. ఐఏఎస్ అధికారిగా ఆయన కేంద్ర ప్రభుత్వంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేశారు. దేశానికి కరెంటు ఎందుకు కావాలో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. అలాంటి మనిషే ఈ ప్లాంటు ఇక్కడ కుదరదని అంటుంటే, వీళ్లు అభివృద్ధికి అడ్డం అని కొట్టిపారేయడం కష్టమైంది.

ఒక వైపు సోంపేటలో రిలే నిరాహార దీక్షలు నడిచాయి, అవి ఏళ్ల తరబడి సాగాయి. ఇంకో వైపు అప్పీలు నడిచింది. నినాదం పనిని దీక్షా శిబిరం చేసింది, రుజువు పనిని అప్పీలు చేసింది. రెండిట్లో ఏది లేకపోయినా ఆ బీల ఇవాళ బూడిద చెరువయ్యేది. ఉద్యమం అనగానే మనం మొదటిదాన్నే గుర్తుపెట్టుకుంటాం. కంపెనీ భయపడేది మాత్రం రెండోదానికే.

జూలై 14న వచ్చిన ఉత్తర్వు చెప్పింది సింపుల్: ఇది చిత్తడి నేల, ఇక్కడ ఇచ్చిన అనుమతి చెల్లదు. ఆ అప్పిలేట్ సంస్థ అనుమతులు రద్దు చేసిన సందర్భాలు అరుదు. 2010 అక్టోబర్‌లో దాని స్థానంలో జాతీయ హరిత ట్రిబ్యునల్, అంటే ఎన్‌జీటీ వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో చిత్తడి నేలల రక్షణకి దేశంలో మొదటిసారి ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. సోంపేటలో ప్లాంటు రాలేదు. కాకపోతే కేసుల పేరుతో జనం కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగారు. గెలిచినవాళ్లు కూడా ఖర్చు పెట్టుకోవాల్సి వచ్చిన గెలుపు అది.

ఏడున్నర నెలల తర్వాత కాకరాపల్లి

సోంపేట తర్వాత పాఠం నేర్చుకుని ఉంటారని అనుకుంటాం. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలంలో మళ్లీ కాల్పులు జరిగాయి. ఈసారి కాకరాపల్లి తంపర, వడ్డితాండ్ర పరిసరాలు. మళ్లీ ఇద్దరు చనిపోయారు. ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ అనే కంపెనీ పెట్టదలచిన ప్లాంటు కూడా 2640 మెగావాట్లదే.

నౌపడ ఉప్పు మళ్లు, తంపర నేలలు, అక్కడికి దగ్గర్లోనే తేలినీలాపురం. ఏటా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గుడ్లు పెట్టి పిల్లల్ని పొదిగి వెళ్లే ఊరు అది. చెట్ల మీద పక్షుల్ని ఊరి జనమే కాపాడుకుంటారు. అలాంటి చోట చిత్తడి నేలని పూడ్చి ప్లాంటు కడతామన్నారు.

తర్వాత జరిగింది మన తరం గమనించాల్సిన విషయం. ఆ ప్లాంటు పనులు కొంత జరిగాయి, ఆగాయి, పూర్తికాలేదు. 2017లో దివాలా చట్టం కింద చర్యల కోసం రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి పంపిన పెద్ద మొండి బకాయిల రెండో జాబితాలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ పేరు కూడా ఉందని పత్రికలు రాశాయి.

ఒకసారి లెక్క వేసుకోండి. తంపర పోయింది. ప్రాణాలు పోయాయి. కరెంటు రాలేదు. ఉద్యోగాలు రాలేదు. బ్యాంకుల్లో ఉన్నది మన డిపాజిట్లు. నేల గురించి మొదట్లోనే నిజం రాసి ఉంటే ఆ అప్పు ఇచ్చే బ్యాంకు మేనేజర్ కూడా ఆగి ఆలోచించేవాడు. కంపెనీ అబద్ధం చెబితే నష్టపోయేది పక్షులు, చేపలు మాత్రమే అనుకుంటాం. అప్పిచ్చినవాడు, షేరు కొన్నవాడు, అక్కడ పనికి చేరినవాడు.. అందరూ వరసలో ఉంటారు.

సీఎస్ఆర్ వేరు, జవాబుదారీ వేరు

మన జిల్లాల్లో ఏ రోడ్డు మీద వెళ్లినా కంపెనీ పేరు రాసిన బస్ షెల్టర్ కనిపిస్తుంది. స్కూల్లో బెంచీలు, ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు, మెడికల్ క్యాంపు. మంచివే. కానీ ఇవి ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకోవాలి.

కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ ఉంది. 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం.. వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. అంటే ఆ బస్ షెల్టర్ దానం కాదు, చట్టం పెట్టిన బాధ్యత.

ఇంకో మాట. సీఎస్ఆర్ అనేది వచ్చిన లాభంలో 2 శాతం ఎలా ఖర్చు పెట్టారన్న ప్రశ్నకి జవాబు. మిగతా 98 శాతం ఎలా సంపాదించారన్న ప్రశ్నకి అందులో జవాబు ఉండదు. నీళ్లు ఎక్కడి నుంచి తోడారు, వ్యర్థాలు ఎక్కడికి వదిలారు, భూమి ఎవరి దగ్గర ఏ మాట చెప్పి తీసుకున్నారు.. కార్పొరేట్ నైతికత అంటే ఈ 98 శాతం సంగతి. వాటర్ ప్లాంటు ముందు సెల్ఫీ దిగుతున్నప్పుడు, ఊళ్లో బావి నీళ్లు ఎందుకు తాగలేకపోతున్నామో కూడా అడగాలి. దానికి జవాబు కంపెనీయే అవ్వాలని లేదు. కానీ ప్రశ్న అడగడం మానేస్తే ఏదీ తేలదు.

అలాస్కా నుంచి వోక్స్‌వ్యాగన్ దాకా

కంపెనీల చేత నిజాలు చెప్పించే పని మీద ప్రత్యేకంగా సంస్థలు పుట్టడానికి ఒక ప్రమాదం కారణం. 1989 మార్చి 24న అమెరికాలోని అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఆయిల్ ట్యాంకర్ రాళ్లకి కొట్టుకుంది. 4 కోట్ల లీటర్లకు పైగా ముడిచమురు సముద్రంలో కలిసింది. అదే ఏడాది పర్యావరణ సంఘాలు, పెట్టుబడిదారులు కలిసి సెరెస్ అనే సంస్థ పెట్టారు. డబ్బు పెట్టేవాడే పర్యావరణం గురించి అడిగితే కంపెనీ తప్పించుకోలేదన్నది వాళ్ల ఆలోచన. దాని నుంచే 1997లో గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్ వచ్చింది. ఇవాళ కంపెనీలు వేసే సస్టైనబిలిటీ రిపోర్టుల మూసలో చాలా భాగం అక్కడి నుంచి వచ్చిందే.

అయితే రిపోర్టు ఉంటే సరిపోతుందా? 2015లో బయటపడ్డ వోక్స్‌వ్యాగన్ కథ చూడండి. ఆ కంపెనీ డీజిల్ కార్లు ల్యాబ్ పరీక్షలో శుభ్రంగా పాసయ్యేవి. రోడ్డెక్కితే అనుమతించిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలేవి, కొన్ని సందర్భాల్లో 40 రెట్ల దాకా. కారు ప్రస్తుతం పరీక్షలో ఉందా రోడ్డు మీద ఉందా అని కనిపెట్టే సాఫ్ట్‌వేర్ లోపల పెట్టారు. ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ 10 లక్షల కార్లలో అది ఉంది.

పట్టుకున్నదెవరు? ఐసీసీటీ అనే ఒక లాభాపేక్ష లేని సంస్థ డబ్బులిస్తే, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు కొన్ని కార్లకి వెనక యంత్రం బిగించి నిజం రోడ్ల మీద తిప్పి కొలిచారు. సోంపేట వాళ్లు చేసిందీ అదే కదా! కాగితం పక్కన పెట్టి నేల మీద కొలిచారు.

ఈ కథలో నాలాంటి వాళ్లకి గుచ్చుకునే సంగతి ఒకటుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరో మనలాంటి ఇంజనీర్లే రాశారు. ఎవరో రివ్యూ చేశారు, ఎవరో డిప్లాయ్ చేశారు. అమెరికాలో ఒక ఇంజనీర్‌కి 40 నెలల జైలు శిక్ష కూడా పడింది. పైవాళ్లు చెప్పారు, చేశాం అన్న మాట కోర్టులో నిలబడలేదు.

ఫైల్లో నిజం, బయట విషం

దూరం వెళ్లక్కర్లేదు. విశాఖలో ఆర్ఆర్ వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరుగెత్తి దారిలోనే పడిపోయిన జనం వీడియోలు మనందరం ఫోన్లో చూశాం.

ఆ తర్వాత ఒక కాగితం బయటికొచ్చింది. 2019 మేలో, అంటే సరిగ్గా ఏడాది ముందు, కంపెనీయే ఇచ్చిన అఫిడవిట్. తాము చేస్తున్న ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని అందులో కంపెనీయే ఒప్పుకుంది. ఎవరూ దాచలేదు. ప్రభుత్వానికి ఇచ్చిన పత్రమే. కానీ దాన్ని ఆ గోడ పక్కన పడుకునే ఊరివాళ్లకి ఎవరూ చదివి వినిపించలేదు. ప్రమాదం తర్వాత ఎన్‌జీటీ 50 కోట్లు డిపాజిట్ చేయమంది, కమిటీలు వేశారు. అవన్నీ తర్వాత సంగతులు.

సోంపేటకీ వెంకటాపురానికీ తేడా ఇదే. ఒక చోట కాగితాన్ని ముందే చదివారు. ఇంకో చోట చనిపోయాక చదివారు.

కొండ మీద కూడా ఇదే కథ

మన ఏజెన్సీ వైపు కూడా ఇలాంటి తీర్పు ఒకటుంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజనుల భూములు ప్రైవేటు కంపెనీలకి గనుల లీజు కింద ఇస్తుంటే, సమత అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని కోర్టు చెప్పింది. గనులు తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలని కూడా చెప్పింది. సీఎస్ఆర్ చట్టం 2 శాతం అనడానికి పదహారేళ్ల ముందు సంగతి ఇది. సీతంపేట, పార్వతీపురం వైపు షెడ్యూల్డ్ గ్రామాలకీ ఈ తీర్పే అండ.

మరి ఉద్యోగాలో?

ఈ ప్రశ్న వేసేవాళ్లని తప్పుపట్టలేం. శ్రీకాకుళం, విజయనగరం అంటేనే వలస. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి వేరేవాళ్ల బోట్లలో పనిచేస్తారు. 2018లో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్ అధికారులకి చిక్కి ఏడాదికి పైగా అక్కడి జైల్లో ఉన్నారు. భవన నిర్మాణ పనులకి హైదరాబాద్, చెన్నై వెళ్లే కుటుంబాలు లెక్కలేనన్ని. నాలాంటి వాళ్లం ఇంజనీరింగ్ చదివి బెంగళూరు బస్సెక్కాం. ఊళ్లోనే ఉద్యోగం వస్తే ఎవరు వద్దంటారు? పైడిభీమవరం ఫార్మా కంపెనీలు ఎన్నో ఇళ్లకి జీతం ఇస్తున్నాయి, అది నిజమే.

కాబట్టి కంపెనీలు వద్దన్నది ఇక్కడ వాదన కాదు. ఏ కంపెనీ, ఎక్కడ, ఏ షరతులతో అన్నదే ప్రశ్న. శృంగవరపుకోట దగ్గర జిందాల్ అల్యూమినా ఫ్యాక్టరీ కోసం భూములు తీసుకుని ఏళ్లు గడిచాయి, ఫ్యాక్టరీ రాలేదు. అరకు బాక్సైట్ వస్తుందన్న లెక్క మీద వేసిన ప్రాజెక్టు అది, ఆ బాక్సైట్ రాలేదు. భూమి ఇచ్చినవాళ్లు మాత్రం ఉద్యోగం ఎప్పుడని ఇప్పటికీ అడుగుతున్నారు. మొదటి రోజే కాగితాన్ని గట్టిగా అడిగి ఉంటే కంపెనీకీ మేలే జరిగేది. నిజాయితీగా నడిచే కంపెనీకి ప్రశ్నలు అడ్డం కావు. ఇంకా చెప్పాలంటే, శుద్ధి ప్లాంటుకి డబ్బు పెట్టే కంపెనీ, రాత్రిపూట కాలువలోకి వదిలేసే కంపెనీతో ధరలో పోటీ పడలేదు. ఎవరూ అడగని చోట ముందు నష్టపోయేది మంచి కంపెనీయే.

మీ ఫోన్లోనే ఉన్న పని

సోంపేట వాళ్లు ఈ పని చేసినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగి జిరాక్సులు తెచ్చుకున్నారు. ఇప్పుడు చాలా కాగితాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మన ఊరి వైపు ఏదైనా పెద్ద ఫ్యాక్టరీ వస్తోందన్నా, ఉన్నదాన్ని పెంచుతున్నారన్నా ఇవి చూడండి.

ఒకటి, పరివేష్ పోర్టల్. కేంద్ర పర్యావరణ శాఖది. కంపెనీ పేరుతో వెతికితే దరఖాస్తు, ఈఐఏ రిపోర్టు, అనుమతి లేఖ దొరికే అవకాశం ఉంది. అనుమతి లేఖలో షరతులు అంకెలతో సహా ఉంటాయి. ఎంత నీరు వాడాలి, చుట్టూ ఎంత మేర చెట్లు పెంచాలి, వ్యర్థాలు ఎక్కడికి పంపాలి.. అన్నీ. ఆ లేఖే మీ చెక్‌లిస్ట్.

రెండు, ఆరు నెలల రిపోర్టు. షరతులు పాటిస్తున్నామని కంపెనీ ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి రాసి ఇవ్వాలి. అది జనానికి అందుబాటులో ఉండాల్సిన పత్రం. అందులో రాసింది, మీరు గేటు బయట చూసింది పోల్చండి.

మూడు, ప్రజాభిప్రాయ సేకరణ. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక. ఈఐఏ సారాంశం తెలుగులో ఉండాలి, కలెక్టరేట్, జిల్లా పరిషత్ లాంటి చోట్ల చూడనివ్వాలి. సభ మొత్తం వీడియో తీయాలి. ఆ ప్రాంతంలో ఉండేవాళ్లు ఎవరైనా వచ్చి అడగొచ్చు. చెప్పింది మినిట్స్‌లో రాయాలి. రాశారో లేదో అక్కడే చదివించుకోండి.

నాలుగు, షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ అయితే బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్టు. సెబీ నిబంధన ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి తప్పనిసరిగా ఇవ్వాలి. నీరు, కరెంటు, వ్యర్థాలు, జరిమానాలు, కేసులు అన్నీ అందులో చెప్పాలి. మీ మ్యూచువల్ ఫండ్ సిప్‌లో ఆ కంపెనీ షేరు ఉంటే మీరు కూడా అందులో చిన్న వాటాదారే. లిస్ట్ కాని కంపెనీకి ఈ నిబంధన వర్తించదని కూడా గుర్తుపెట్టుకోండి.

ఐదు, సమాచార హక్కు. దొరకని కాగితం కోసం కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆరు, టైమ్. అనుమతి మీద ఎన్‌జీటీలో అప్పీలుకి గడువు 30 రోజులు. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ కేసులు చూసేది చెన్నైలోని దక్షిణాది బెంచ్. ఇన్‌స్టాలో కోపంగా స్టోరీ పెట్టి రెండు నెలలు ఊరుకుంటే ఆ కోపానికి చట్టంలో విలువ ఉండదు.

ఇదంతా ఒక్కరు చేసే పని కాదు. ఊరికి నలుగురు చాలు. ఇంగ్లిష్ రిపోర్టు చదివి తెలుగులో చెప్పగలిగేవాళ్లు ఒకరు. నేల, నీళ్లు, చేపలు తెలిసిన పెద్దమనిషి ఒకరు. వల వేసే అన్నకి, పొలంలో ఉండే అమ్మకి తెలిసినంత ఆ కన్సల్టెంట్‌కి తెలియదు. ఫొటోలు తేదీ, లొకేషన్‌తో సహా తీసేవాళ్లు ఒకరు. కాగితాలు భద్రంగా ఫైల్ చేసే ఓపిక ఉన్నవాళ్లు ఒకరు. సోంపేట సంఘం దగ్గర ఉన్న మూలధనం కూడా ఇంతే.

చివరిగా చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. రేపు మీలో కొందరు ఈఐఏ కన్సల్టెన్సీలో చేరతారు. కొందరు ఫ్యాక్టరీలో ఎన్విరాన్‌మెంట్ ఇంజనీర్ అవుతారు. కొందరు చిమ్నీ దగ్గర సెన్సార్ నుంచి డేటా తీసి కాలుష్య మండలి సర్వర్‌కి పంపే సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఏదో ఒక రోజు మీ ముందు ఒక ఖాళీ గడి ఉంటుంది. భూమి ఎలాంటిది? నీళ్లు ఉన్నాయా? పక్షులు వస్తాయా? టైమ్ ఉండదు, ఫీల్డ్‌కి వెళ్లే ఓపిక ఉండదు, పాత రిపోర్టులోంచి కాపీ పేస్ట్ చేస్తే సరిపోతుందని పక్కవాడు చెబుతాడు.

ఒకసారి ఫీల్డ్‌కి వెళ్లి రండి. నీళ్లు కనిపిస్తే నీళ్లున్నాయని రాయండి.